ఈగిల్ స్కౌటు: పతకము వెనుకటి చేవ్రాళ్లు

మన యిండ్లలో ఏ పాతపెట్టె మూత తెరచినను ఒక కాగితముల కట్ట కనబడును. జననపత్రము, పాఠశాలవారిచ్చిన బదిలీపత్రము, పొలము దస్తావేజు, పన్ను రసీదులు అన్నియు ఆ కట్టలోనే యుండును. ఒకప్పుడు రేడియోపెట్టెకును లైసెన్సు ఉండెడిది. ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, ఆ చిన్న పుస్తకములో ముద్ర వేయించుకొని రావలసి యుండెను. కాగితమును గూర్చి, దానిపై పడవలసిన ముద్రను గూర్చి మనకెవ్వరును క్రొత్తగా చెప్పనక్కరలేదు.

అయినను ఆ కట్టలో నొక కాగితము తక్కినవానివంటిది కాదు. అది నడవడిని గూర్చిన ధ్రువపత్రము. పుట్టిన తేదీని రిజిస్టరు చూచి వ్రాయవచ్చును. పొలము విస్తీర్ణమును గొలుసు పట్టి కొలవవచ్చును. ఒక కుర్రవాడు మంచివాడనుటకు ఏ గొలుసు పట్టవలెను? "ఈతనిని నేను బాగుగా నెరుగుదును" అని ముందే అచ్చు వేసిన వాక్యము క్రింద, ఆ కుర్రవాని ముఖమును అప్పుడే మొదటిసారి చూచుచున్న ఉద్యోగి చేవ్రాలు చేయుట మనము కనివిని యెరుగని వింత కాదు. పత్రము చేతికి వచ్చును గాని, అందలి మాటకు ప్రాణముండదు.

ఈ చిక్కును ఒక సంస్థ నూరేండ్లకు పైగా ఎట్లు విప్పుకొనుచు వచ్చినదో, విప్పబోయి ఒక్కొక్కచో మరింత బిగించుకొన్నదో నేడు మనము పరిశీలింతము. ఆ సంస్థ 2025 వరకు అమెరికా బాలుర స్కౌటు సంస్థ అను పేర నడచినది. వారి అత్యున్నతశ్రేణికి ఈగిల్ స్కౌటు అని పేరు. ఈగిల్ అనగా మనము గరుడపక్షి యనదగిన ఆ దేశపు జాతీయపక్షి.

స్కౌటు ఉద్యమమునకు మూలపురుషుడు బ్రిటిషు సేనానియైన బేడెన్ పవెల్. 1907 ఆగస్టులో ఆయన బ్రౌన్‌సీ ద్వీపమున కొందరు బాలురను చేర్చి శిబిరము నడిపెను. మరుసటి యేడు ఆయన గ్రంథము వెలువడినది. దానిని చదివిన పిల్లలు ఎవరి ఆజ్ఞకును ఎదురు చూడక తమంతట తామే దళములుగా నేర్పడిరి. 1909లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అనుమతితో, కఠిన పరీక్షలలో నెగ్గినవారికి రాజస్కౌటు అను శ్రేణి యేర్పడినది. బాలుని ప్రయోజకత్వమునకు రాజముద్ర పడుట దానితో ఆరంభమైనదని చెప్పవచ్చును.

1910 ఫిబ్రవరి 8వ తేదీన అమెరికాలో ఈ ఉద్యమము చట్టబద్ధమైన సంస్థగా రూపొందినది. అందు ముగ్గురు ప్రముఖులను మనము గుర్తుంచుకొనవలెను. ఎర్నెస్టు తాంప్సన్ సీటన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు, జంతువుల కథలు వ్రాసినవాడు, వనజీవనప్రియుడు. డేనియల్ కార్టర్ బియర్డు చిత్రకారుడు. మూడవవాడు జేమ్సు వెస్టు. ఈయన తల్లిదండ్రులు లేక అనాథశాలలో పెరిగి, చిన్ననాటి వ్యాధిచే కాలు కుంటువడియు, పట్టుదలతో చదివి న్యాయవాదియైన మనిషి. 1911 మొదలు 1943 వరకు సంస్థ కార్యనిర్వహణ భారమును మోసినవాడు ఈయనయే. నియమము, పట్టిక, లెక్క, లేఖ అనునవి ఆయనకు వెన్నతో పెట్టిన విద్యలు. అడవిని ప్రేమించిన సీటనునకును, కార్యాలయమును తీర్చిదిద్దిన వెస్టునకును పొసగలేదు. 1915లో సీటను సంస్థను విడిచిపోయెను. పిల్లవాడు ముఖ్యమా, పద్ధతి ముఖ్యమా అను వాదము ఆ సంస్థకు పుట్టుకతో వచ్చినదని దీనివలన మనకు తెలియుచున్నది.

1911లో వెలువడిన వారి కరదీపికలో ఈగిల్ శ్రేణికి నియమమొక్కటే. ప్రథమశ్రేణి స్కౌటు 21 ప్రావీణ్య చిహ్నములను సంపాదింపవలెను. ప్రథమచికిత్స, ప్రాణరక్షణ, ఆరోగ్యము, వ్యాయామము మొదలుకొని నానావిధములైన విద్యలకు నాడు 57 చిహ్నములుండెను. ఐదు చిహ్నములైనచో లైఫ్ అను మెట్టు, పదియైనచో స్టార్ అను మెట్టు, ఇరువదియొకటియైనచో శిఖరము. ఈ మొదటి రెండు మెట్లును తరువాతి కాలమున తారుమారైనవి. నాటి కరదీపిక వ్రాసినవారు అన్ని చిహ్నములను సాధించు కుర్రవాడు వెంటనే దొరకునని తలచిరో లేదో గాని, అట్టివాడు మరుసటి యేడే ఎదుట నిలిచెను.

అతని పేరు ఆర్థర్ ఎల్‌డ్రెడ్. న్యూయార్కు నగరమునకు చేరువనున్న లాంగ్ ఐలెండు ప్రాంతపు బాలుడు. వయస్సు పదునేడేండ్లు. 1912లో అతడు ఇరువదియొక్క చిహ్నములను పూర్తిచేసితినని తెలుపగా సంస్థవారికొక సమస్య వచ్చిపడినది. ఇంతవరకు ఎవ్వరును చేరని శిఖరమును చేరితినని ఒకడు చెప్పుచున్నాడు. దానిని తేల్చుటకు పూర్వపద్ధతి యేదియు లేదు. అందుచే సంస్థ పెద్దలే స్వయముగా అతనిని పిలిపించి కూర్చుండబెట్టి ప్రశ్నించిరి. వెస్టు, బియర్డు, సీటను ముగ్గురును ఆ సభలోనుండిరి. అనగా దేశమంతటికిని ఆ ఉద్యమమునకు తలమానికములైనవారే ఒక్క పల్లెటూరి బాలుని ఎదుట కూర్చుండి, అతని పనిని అతని నోటనే విని నిర్ణయించిరన్నమాట.

1912 ఆగస్టు 21వ తేదీన అతనికి విజయవార్త అందినది. పతకము మాత్రము అందలేదు. ఏలయన అది యింకను తయారుకాలేదు! గౌరవము ముందు పుట్టి, దాని గురుతు తరువాత పుట్టినది. సెప్టెంబరు 2వ తేదీన, ఆ దేశపు శ్రామిక దినమున, పతకము అతని చేతికి వచ్చినది. ఆ యేటి వేసవిలోనే ఆ బాలుడు నీట మునుగుచున్న తోటి స్కౌటును కాపాడినందుకు ప్రాణరక్షణ పతకమును గూడ పొందెను. ప్రాణరక్షణ అను చిహ్నమునకై అతడు నేర్చిన విద్య నిజమైనదా కాదా అని అడుగుటకు ఇక ఏ కాగితమును అక్కరలేకపోయినది.

ఆ తొలి సమీక్షలో మనకొక ఆదర్శము కానవచ్చుచున్నది. పరీక్షించువాడు పరీక్షింపబడువానిని కన్నులార చూచెను, మాటలాడెను, పిమ్మట చేవ్రాలు చేసెను. ఈ పద్ధతి ఒక్కనికి చెల్లును, పదిమందికి చెల్లును. వేలకొలది కుర్రవాండ్రు వచ్చినప్పుడు న్యూయార్కు కార్యాలయమున కూర్చున్న ముగ్గురు పెద్దలు ఎందరి ముఖములు చూడగలరు? అధికారము స్థానిక మండలులకు దిగక తప్పలేదు. అధికారము దూరమునకు పోయినకొలది, అక్కడేమి జరిగినదో కేంద్రమునకు తెలుపు పత్రములు పెరుగక తప్పలేదు. పత్రముల వృద్ధికి మూలకారణము ఉద్యోగుల దురాశ కాదు, దూరము.

ఆ పత్రములలో సామాన్యమైనది, మాకు మిక్కిలి నచ్చినది, ప్రావీణ్య చిహ్నపు నీలికార్డు. అది మూడు ఖండములుగా చించుటకు వీలుగా నుండును. బాలుడు ముందుగా తన దళనాయకునితో మాటలాడి, దానిపై అతని చేవ్రాలు పొందును. పిమ్మట ఆ విద్య తెలిసిన పెద్దమనిషి యొద్దకు పోవును. ఆ పెద్దమనిషి వడ్రంగము తెలిసినవాడు కావచ్చును, వైద్యుడు కావచ్చును, తేనెటీగల పెంపకము నెరిగిన రైతు కావచ్చును. నియమములన్నియు నెరవేరినవని అతడు తేదీవేసి చేవ్రాలు చేయును. ఒక ఖండము నేర్పినవాని యొద్ద, ఒకటి దళము యొద్ద, ఒకటి బాలుని యొద్ద నిలిచిపోవును. ఒకచోట పోయినను మరియొకచోట సాక్ష్యము మిగులును. మన పల్లెలలో పాలు పంచుకొన్నప్పుడు అన్నదమ్ములు తలకొక ప్రతి వ్రాయించుకొనుట వంటిదే యిది. ఇటీవలి కాలమున ఈ నమోదు చాలవరకు కంప్యూటరులోనికి మారుచున్నను, ముగ్గురి యొద్దను ఋజువుండవలెనను తలంపు మారలేదు.

కాలక్రమమున శిఖరమునకు దారి నిడివియైనది. 1952 వరకు పెద్దవారు గూడ ఈగిల్ శ్రేణిని పొందుటకు వీలుండెను. అటుపై అది పదునెనిమిదేండ్లు నిండనివారికే పరిమితమైనది. 1965లో వచ్చిన మార్పు అన్నిటికంటె పెద్దది. చిహ్నములు మాత్రము చాలవనియు, దళములో బాధ్యతగల పదవి నిర్వహింపవలెననియు, సమాజమునకు ఉపకరించు నొక సేవాకార్యమును తానే యోచించి, తోటివారిని కూడగట్టి, నడిపి ముగింపవలెననియు నియమించిరి. 1972లో చిహ్నముల సంఖ్యను 24కు పెంచిరి. 1979లో మరల 21కి దింపిరి. తొలి బాలుడు ఎక్కిన మెట్ల సంఖ్యకే అరువదియేడేండ్ల పిమ్మట తిరిగివచ్చుట గమనింపదగినది.

సేవాకార్యము వచ్చుటతో అనుమతి యను మాట ముందునకు వచ్చినది. 21 చిహ్నములకు కావలసినది పని ముగిసినపిమ్మట చేవ్రాలు. సేవాకార్యమునకు కావలసినది పనికి ముందు చేవ్రాలు. బాలుడు ఒక బడికి బల్లలు చేయించదలచెననుకొందము. ఆ ప్రతిపాదనను నిర్ణీత పుస్తకములో వ్రాసి నలుగురి యొద్దకు పోవలెను. మేలు పొందు బడివారు సమ్మతింపవలెను, దళనాయకుడు సమ్మతింపవలెను, దళసంఘము సమ్మతింపవలెను, చివరకు స్థానిక మండలి సమ్మతింపవలెను. ఈ నాలుగు చేవ్రాళ్లకు ముందు మేకు కొట్టరాదు. పని ముగిసినపిమ్మట ఏమి తలచితిమి, ఏమి జరిగినది, ఎక్కడ మార్చుకొంటిమి అని నివేదిక వ్రాయవలెను. ఇన్ని గంటలు పనిచేయవలెనను కనీస నియమము లేదు. తాను ఇతరులను నడిపించెనా లేదా అనునదే ప్రశ్న.

తరువాత దరఖాస్తు. క్రింది శ్రేణులు పొందిన తేదీలు, ఇరువదియొక్క చిహ్నముల తేదీలు, నిర్వహించిన పదవి, తన్నెరిగిన పెద్దల పేర్లు, తన జీవితాశయములను గూర్చి స్వయముగా వ్రాసిన లేఖ, ఇవన్నియు దానికి చేరును. స్థానిక మండలి ప్రతి తేదీని తన దస్త్రములతో సరిచూచును. ఒక్క తేదీ కలియకున్నను కాగితము వెనుకకు వచ్చును. అటుపై సమీక్షా మండలి కూర్చుండును. ముగ్గురికి తగ్గక, ఆరుగురికి మించక సభ్యులుందురు. బాలుని తల్లిదండ్రులు గాని, దళనాయకుడు గాని నిర్ణయములో పాల్గొనరాదు. ఒక్కరు కాదన్నను ఆ శ్రేణి రాదు, అందరిదియు ఏకాభిప్రాయము కావలెను. చివరి ఆమోదము జాతీయ కార్యాలయమునది.

ఈ దారిలో ఎందరు బాలురకు ఊపిరి సలుపకపోయినదో ఊహించుట కష్టము కాదు. పదునెనిమిదవ పుట్టినరోజు కత్తివలె తలపై వ్రేలాడుచుండును. సమీక్ష ఆ పిమ్మట జరుగవచ్చును గాని, పని యంతయు ఆలోపుననే ముగియవలెను. నేర్పిన పెద్దమనిషి ఊరు విడిచిపోయెను, కార్డు కనబడలేదు, అనుమతి ఇవ్వవలసిన సంఘము ఈ నెల సమావేశము కాలేదు. ఇట్టి చిన్న కారణములచే ఏడెనిమిదేండ్ల శ్రమ ఒడ్డు చేరుచు మునుగు ప్రమాదము కలదు. తండ్రి పత్రములు పూరించుట, తల్లి తేదీలు వెదకుట, బాలుడు చేవ్రాలు మాత్రము చేయుట కూడ జరుగకపోదు. అప్పుడు పరీక్ష యెవరికి జరిగినట్లు?

అధికారము స్థానిక మండలులకు దిగినందున మరియొక కీడు కూడ జరిగినది. నల్లజాతి బాలుర దళములను అంగీకరించుట, మానుట ఆయా ప్రాంతములవారి యిష్టమునకు విడువబడెను. దక్షిణ రాష్ట్రములలో పెక్కుచోట్ల ఆ బాలురకు తలుపు మూయబడెను. ఇరువదియొక్క చిహ్నముల మాట దేవుడెరుగు, మొదటి పత్రముపైననే చేవ్రాలు దొరకలేదు. నియమములు అందరకు నొక్కటే యని అచ్చు వేసినంతమాత్రమున న్యాయము జరుగదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. చేవ్రాలు చేయు చేతిలో న్యాయబుద్ధి యుండవలెను.

ఇంత చెప్పినపిమ్మట, ఆ పత్రములనన్నిటిని చించి పారవేయుదమా అని ఎవరైన అడుగవచ్చును. తొందరపడరాదు. ఆ నియమావళిలోనే బాలుని పక్షమున నిలిచిన నియమములు కొన్ని కలవు. వానిని చదివినప్పుడు మా అభిప్రాయము కొంత మారినది.

మొదటిది: ముద్రింపబడిన నియమములకు ఏ మండలియు, ఏ దళమును, ఏ వ్యక్తియు ఒక్కటి కలుపరాదు, ఒక్కటి తీసివేయరాదు. అనగా గట్టివాడనిపించుకొనదలచిన దళనాయకుడు, "నా దళములో ఇరువదియైదు చిహ్నములు కావలెను" అనుటకు వీలులేదు. తన బంధువుల కుర్రవానికి పందొమ్మిది చాలునని సడలించుటకును వీలులేదు. రెండవది: సమీక్షా మండలి మరల పరీక్ష పెట్టరాదు. నేర్పినవాడు సరియని చేవ్రాలు చేసినచో, ముడి వేసి చూపుమని బాలుని తిరిగి అడుగకూడదు. అతని అనుభవములను గూర్చి, నడవడిని గూర్చి మాటలాడవలెను. మూడవది: దళనాయకుడు అకారణముగా చేవ్రాలు చేయనన్నను దారి మూసికొనిపోదు. వివాద సందర్భమున సమీక్ష జరుపుడని బాలుడు పై మండలిని కోరవచ్చును. నాలుగవది: మండలి నిరాకరించినచో కారణములను వ్రాతమూలమున తెలుపవలెను. ఆ తీర్పుపై విన్నపము చేసికొను హక్కు బాలునకు కలదు.

అవయవలోపముగల బాలురకు కొన్ని నియమముల బదులు సాటియైన వేరు నియమములను కోరు అవకాశమున్నది. తీవ్రమైన శాశ్వతలోపముగలవారికి వయోపరిమితి విషయమునను సడలింపు కలదు. ఇదియు పత్రము పైననే జరుగును. 2019 ఫిబ్రవరిలో బాలికలకు ఈ దళముల ప్రవేశము లభించినప్పుడు, అప్పటికే పదునారేండ్లు దాటినవారికి కాలము చాలదు గదా యని గడువు పొడిగింపు కోరుటకు వీలు కల్పించిరి. 2021లో తొలి బాలికలు ఈగిల్ స్కౌటులుగా ప్రకటింపబడిరి. కుంటికాలితో అనాథశాలలో పెరిగిన వెస్టు తీర్చిన పద్ధతి, నోటిమాటతోనైనచో ఎవ్వరును పట్టించుకొనని పిల్లలకు, పట్టుకొమ్మగా నిలుచుట మాకు సంతోషము కలిగించినది. బలవంతునికి నోటిమాట చాలును. బలహీనునికి వ్రాతయే అండ.

ఇక మన దేశపు సంగతి. వేర్వేరుగా నడచుచున్న స్కౌటు సంస్థలు 1950 నవంబరు 7వ తేదీన ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను సంస్థ ఏర్పడినది. మరుసటి యేడు గైడులు కూడ అందు చేరిరి. మన పిల్లలు ప్రవేశము మొదలుకొని ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములెక్కి, రాజ్య పురస్కారమును, దానిపై రాష్ట్రపతి పురస్కారమును పొందుదురు. రాజ్య పురస్కార పత్రముపై గవర్నరు చేవ్రాలు, రాష్ట్రపతి పురస్కార పత్రముపై రాష్ట్రపతి చేవ్రాలు ఉండును. బాలుడు తాను చేసిన పనిని దినచర్య పుస్తకములో వ్రాసికొనవలెను. పరీక్షా శిబిరమునకు పోయి అక్కడివారి యెదుట చేసి చూపవలెను. ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను ఈ పని యెక్కువగా బడిపంతుళ్ల చేతులమీదుగానే జరుగుచున్నది. పాఠములు చెప్పి, పరీక్షాపత్రములు దిద్ది, ఆపై పిల్లల పుస్తకములను సరిచూచి సకాలమున పై కార్యాలయమునకు పంపు ఆ ఉపాధ్యాయుల శ్రమ ఏ పతకమునందును కనబడదు.

శిఖరమున నున్న చేవ్రాలు రాష్ట్రపతిది కావచ్చును, అమెరికాలోని జాతీయ కార్యాలయముది కావచ్చును. ఆ పెద్దలు బాలుని ఎరుగరు, ఎరుగుట సాధ్యమును కాదు. వారు నమ్మునది క్రింది చేవ్రాళ్లను. నేర్పిన వడ్రంగి, ముడి వేయించిన పంతులు, బల్లలు పుచ్చుకొన్న బడి పెద్ద, వీరు చూచి వ్రాసినచో పైనున్న పత్రము సత్యము. వీరు చూడక వ్రాసినచో, ఎంత గొప్ప ముద్ర పడినను అది వట్టి కాగితము. 1912లో ముగ్గురు పెద్దలు ఎల్‌డ్రెడ్ ఎదుట కూర్చుండి చేసిన పనిని, నేడు ఊరూర ఈ సామాన్యులే చేయవలసి యున్నది.

కావున రేపు మీ యింటి యరుగుమీదకు ఒక కుర్రవాడో, ఒక అమ్మాయియో పుస్తకము చేతబట్టుకొని వచ్చి, "ఇక్కడొక సంతకము చేయుడు" అని అడిగినప్పుడు, కలము వెంటనే తీయవలదు. విసుగుకొని రేపు రమ్మనియు పంపవలదు. కూర్చుండబెట్టి, ఏమి చేసితివో చెప్పుమని అడుగుడు. ఆ బిడ్డ చెప్పినంతసేపు వినుడు. చేసిన పని కంటికి కనబడునదైనచో లేచి పోయి చూడుడు. తరువాత తేదీ వేసి, పేరు స్పష్టముగా కనబడునట్లు చేవ్రాలు చేయుడు.